నెలన్నర ఊరుకున్నా అలగని ప్రింటర్

నేను ప్రూఫులు దిద్దుతాను. పుస్తకం అచ్చుకు వెళ్లేముందు అక్షరదోషాలు ఏరే పని. వస్తే 200 పేజీలు ఒక్కసారే వచ్చి పడతాయి, రాకపోతే నెలన్నర దాకా ఒక్క కాగితమూ ప్రింట్ తీసే అవసరం ఉండదు. చిన్న లేజర్ ప్రింటర్ కొన్నది ఆ నెలన్నర ఖాళీ కోసమే. పని ఉన్నప్పుడు ఏ ప్రింటరైనా ఎంతో కొంత పనిచేస్తుంది. లేనప్పుడు ఎలా ఉంటుందన్నదే నాకు అసలు ప్రశ్న.

ఎందుకంటే అంతకుముందు మా ఇంట్లో ఇంక్‌జెట్ ఉండేది. మూడు వారాలు దాని మొహం చూడకపోతే అలిగేది. సూది మొన కన్నా సన్నని రంధ్రాల్లో ఇంకు ఎండిపోయి, అక్షరాల నడుమ తెల్లటి గీతలు పడేవి. హెడ్ క్లీనింగ్ నొక్కితే గరగరమంటూ రెండు నిమిషాలు ఏదో చేసి, ఆ శుభ్రానికే బోలెడు ఇంకు తాగేసేది. వాడకపోయినా ఇంకు అయిపోయే యంత్రం అది. చివరికి దాన్ని బతికించడానికి వారానికొకసారి పనిలేని టెస్ట్ పేజీ తీసేదాన్ని. మొక్కకు నీళ్లు పోసినట్టు!

లేజర్‌లో ఎండిపోవడానికి తడంటూ ఏదీ లేదు. టోనర్ అనేది పొడి. పేరుకు ఇంకులా వాడుతున్నాం గానీ, అది రంగు కలిపిన సన్నని ప్లాస్టిక్ పిండి. ఒకసారి 43 రోజులు ముట్టుకోకుండా వదిలేసి, ఆ తర్వాత ఒక పేజీ ప్రింట్ ఇచ్చాను. లోపల ఏదో తిరిగిన చప్పుడు, పది సెకన్లలోపే కాగితం బయటికొచ్చింది. మొదటి అక్షరం నుంచి నల్లగా, తీరుగా ఉంది. ఈ ఒక్క గుణానికి నేను దాని మిగతా వేషాలన్నీ మూడేళ్లుగా భరిస్తున్నాను. వేషాలు తక్కువేమీ కావు, అవే చెప్పబోతున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పేవన్నీ ఆ సైజులో వచ్చే నలుపు-తెలుపు ప్రింటర్లకు ఇంచుమించు వర్తిస్తాయి.

ముందు మనిషి ఆకారం చెప్పినట్టు దీని ఆకారం చెప్పాలి. బరువు 5 కిలోల లోపు, ఒక్కదాన్నే ఎత్తి జరపగలను. పెట్టినచోట ఏ4 కాగితం కన్నా కాస్త ఎక్కువ జాగా చాలు అనిపిస్తుంది గానీ, ముందు ట్రే తెరిచి కాగితాలు పెట్టాక ఇంకో జానెడు బయటికి వస్తుంది. కొలతలు చూసి అలమర అర సరిపోతుందనుకున్న నేను చివరికి బల్ల మీదే పెట్టాల్సి వచ్చింది. ట్రేలో 150 కాగితాలు పడతాయి. బయటికి వచ్చినవి పైన 100 దాకా ఆగుతాయి, ఆపైన జారి కింద పడతాయి. నిమిషానికి 20 పేజీలు అని పెట్టె మీద ఉంది. మొదటి పేజీ వేడెక్కే సమయం తీసేస్తే ఆ మాట దాదాపు నిజమే. స్కానర్ లేదు, రంగు లేదు, రెండువైపులా తనంతట తాను ప్రింట్ చేసే ఏర్పాటు లేదు. పెట్టెలో యూఎస్‌బీ కేబుల్ కూడా లేదు. ఆ సంగతి సాయంత్రం పెట్టె విప్పి అన్నీ అమర్చుకున్నాక తెలిసింది.

మొదటిరోజే ఒక గొడవ. కంప్యూటర్ పెట్టిన యూపీఎస్‌లోనే దీని ప్లగ్గూ పెట్టాను. ప్రింట్ నొక్కగానే యూపీఎస్ కీచుమని అరిచింది, కంప్యూటర్ ఆరిపోయింది. అప్పటిదాకా దిద్దిన ఫైలు సేవ్ చేయలేదు.

"ఏం చేశావ్?" అని పక్కగదిలోంచి మా ఆయన.

"నేనేం చేయలేదండీ, ప్రింట్ కొట్టాను."

తప్పు నాదే. మాన్యువల్లో ఉంది, నేను చదవలేదు. టోనర్ పొడిని కాగితం మీద కరిగించి అంటించడానికి లోపల ఒక రోలర్ 200 డిగ్రీలకు అటూ ఇటూ వేడెక్కుతుంది. దాన్ని ఫ్యూజర్ అంటారు. అది వేడెక్కే ఆ కొద్ది సెకన్లు ఇస్త్రీపెట్టె లాగినంత కరెంటు లాగుతుంది. ఇళ్లలో వాడే చిన్న యూపీఎస్‌లు ఆ దెబ్బ తట్టుకోలేవు. నేరుగా గోడ ప్లగ్గులో పెట్టాక గొడవ లేదు. ఇప్పటికీ ప్రింట్ మొదలైనప్పుడు గదిలో లైటు ఒక్క క్షణం కళ్లు మూసి తెరుస్తుంది. పని లేనప్పుడు మాత్రం నిద్రలోకి పోయి దాదాపు ఏమీ తీసుకోదు.

ఇక అక్షరం. నా పనికి అదే ప్రాణం కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ఇంగ్లిష్ అక్షరాలతో పరీక్షించి ఏ ప్రింటరైనా బాగుందనేయొచ్చు. తెలుగు వేరు. మ, య తేడా ఒక మెలికలో ఉంది. ధ పొట్టలో చుక్క పడితే థ అవుతుంది. వత్తు కింద వత్తు, దాని పక్కన గుణింతం వచ్చే 'స్త్రీ', 'రాష్ట్రం' లాంటి మాటలు పది పాయింట్ల సైజులో ఉంటే ఇంక్‌జెట్‌లో మామూలు కాగితం మీద ఇంకు కాస్త పాకి, వత్తులన్నీ ఒక ముద్దయ్యేవి. నేను తప్పు పట్టుకోవాల్సింది ఆ ముద్దలోనే. టోనర్ పాకదు, పడ్డచోటే కరిగి అంటుకుంటుంది. 600 డీపీఐ అంటే అంగుళానికి 600 చుక్కలు. ఒక్కో చుక్క మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. ఎనిమిది పాయింట్ల ఫుట్‌నోట్లలో కూడా ట వత్తు, ర వత్తు విడివిడిగా కనిపిస్తాయి. 1984లో వచ్చిన మొదటి హెచ్‌పీ లేజర్‌జెట్ 300 డీపీఐ, నిమిషానికి 8 పేజీలు. దాని బరువు 30 కిలోల పైమాటే. ఇప్పుడు నా బల్ల మీద ఉన్నది అందులో ఆరో వంతు బరువుతో రెట్టింపు సన్నగా రాస్తోంది. ఈ లెక్క వేసుకున్నరోజు దాని మీద కాస్త గౌరవం కలిగింది.

ఒక హెచ్చరిక మాత్రం ఉంది. తెలుగు ఫైలు వర్డ్‌లో వస్తే, అందులోని ఫాంటు మన కంప్యూటర్లో లేకపోతే, ఎంత మంచి ప్రింటరైనా పిచ్చిగీతలే ఇస్తుంది. పాత డీటీపీ (కంప్యూటర్లో పేజీలు కూర్చే పని) ఫాంట్లతో చేసినవైతే మరీను. అది ప్రింటర్ తప్పు కాదు. ఫాంట్లు లోపలే పొదిగిన పీడీఎఫ్ పంపమంటే చాలు. అలా వచ్చినా ఎక్కడైనా వత్తు పక్కకు జరిగి పడితే, ప్రింట్ సెట్టింగ్స్‌లో 'ప్రింట్ యాజ్ ఇమేజ్' అని ఉంటుంది, అది టిక్ చేస్తాను. పేజీ బొమ్మలా వెళ్తుంది కాబట్టి కాస్త నెమ్మది, కానీ తెర మీద ఎలా ఉందో అలాగే వస్తుంది.

తడి సంగతి కూడా చెప్పాలి. నేను దిద్దేటప్పుడు పక్కన నీళ్ల గ్లాసు ఉంటుంది, ఏడాదికి రెండుసార్లు అది కచ్చితంగా ఒలుకుతుంది. ఇంక్‌జెట్ ప్రూఫులైతే నీలిమరకల పటం అయిపోయేవి. లేజర్ ప్రూఫు ఉబ్బి ముడతలు పడింది గానీ ఒక్క అక్షరం కూడా కదల్లేదు, ఆరబెట్టి మళ్లీ చదివాను. హైలైటర్ గీసినా అలుక్కుపోదు. కానీ దానికీ ఒక శత్రువు ఉంది. మెత్తటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి నెలలపాటు వదిలేసిన ఒక ప్రూఫు కట్ట తీస్తే పైపేజీ అక్షరాలు కవరుకు అంటుకుని అద్దంలోలా తిరగబడి కనిపించాయి. టోనరూ ప్లాస్టిక్కే, కవరూ ప్లాస్టిక్కే, చుట్టాలు కలిసిపోయారు. అప్పటినుంచి అట్ట ఫైళ్లే.

రెండువైపులా ప్రింట్ తీయడం గురించి అడిగితే నాకు కోపం వస్తుంది. ముందు బేసి పేజీలన్నీ తీసి, ఆ కట్టను తిప్పి ట్రేలో పెట్టి, తర్వాత సరి పేజీలు తీయాలి. ఏ వైపు తిప్పాలో తెలియడానికి పెన్సిల్‌తో బాణం గుర్తు వేసిన కాగితంతో మూడుసార్లు ప్రయోగం చేసి, ఫలితం చీటీ రాసి ప్రింటర్ మీద అంటించాను. ఆ చీటీ ఇప్పటికీ ఉంది. అయినా ఒకసారి 212 పేజీల పుస్తకంలో 88వ పేజీ దగ్గర రెండు కాగితాలు కలిసి లోపలికి పోయాయి. నేను గమనించలేదు. అక్కడి నుంచి ప్రతి కాగితానికీ వెనక వేరే పేజీ. కథానాయిక ఉత్తరం అందుకున్న పేజీ తిప్పితే విషయసూచిక ఉన్నట్టు చదువుకుంటూ పోయాను కాసేపు!

తర్వాత తెలిసిందేమిటంటే, అప్పుడే బయటికి వచ్చిన కాగితం వేడిగా, కొంచెం వంకర తిరిగి ఉంటుంది. దాన్ని వెంటనే మళ్లీ లోపలికి తోస్తే ఒకదానికొకటి అతుక్కుంటాయి. పావుగంట ఆరనిచ్చి, కట్టను పేకముక్కల్లా విదిలించి, 20 కాగితాలకు మించకుండా పెడితే పని జరుగుతుంది. ఏ పనికైనా రెండువైపులా ప్రింట్ తరచుగా కావాలంటే ఈ చిన్న మోడల్ వద్దు. ఆటో డూప్లెక్స్ ఉన్నది కాస్త పెద్దదైనా అదే కొనండి. ఈ విషయంలో నేను పిసినారితనం చేశాను, ఇప్పటికీ అనుభవిస్తున్నాను.

వైఫై. మా అబ్బాయి పెట్టి ఇచ్చాడు, ఐదు నిమిషాల్లో పనిచేసింది, ఫోన్లోంచి కూడా ప్రింట్ వచ్చింది. ఆనందం రెండు వారాలు. ఒకరోజు కరెంటు పోయి వచ్చాక కంప్యూటర్లో ప్రింటర్ పేరు పక్కన 'ఆఫ్‌లైన్' అని పడింది. ప్రింటర్ చూస్తే నీలిలైటు వెలిగించుకుని నిమ్మళంగా ఉంది. నేనిక్కడే ఉన్నానంటుంది అది, లేదంటుంది ఇది. తీసి పెట్టడం, ఆపి వేయడం, డ్రైవర్ పీకి మళ్లీ ఎక్కించడం, అన్నీ చేశాను.

"అమ్మా, రౌటర్ దానికి కొత్త అడ్రస్ ఇచ్చింది. కంప్యూటర్ ఇంకా పాత ఇంటికే ఉత్తరాలు పంపుతోంది," అన్నాడు మా వాడు ఫోన్లో.

వాడు చెప్పినట్టు రౌటర్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ ప్రింటర్‌కి ఒకే ఐపీ అడ్రస్ ఖాయం చేశాక ఆ బాధ తీరింది. ఆ తర్వాత రౌటర్ మార్చినప్పుడు ఇంకో బాధ. ఈ ప్రింటర్‌కి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే తెలుసు, కొత్త రౌటర్ 5 గిగాహెర్ట్జ్‌దీ దీనిదీ కలిపి ఒకే పేరుతో పెట్టింది. ప్రింటర్ ఎంతకీ కలవలేదు. పేర్లు విడదీశాక గానీ దారికి రాలేదు. మధ్యలో ఒక పని గడువు దగ్గర పడితే విసుగొచ్చి, కొని పక్కన పడేసిన కేబుల్ తెచ్చి గుచ్చాను. నా అభిప్రాయం అడిగితే, కంప్యూటర్ పక్కనే ప్రింటర్ పెట్టుకునేవాళ్లు కేబుల్‌కే అంటిపెట్టుకోండి. ఫోన్ నుంచి ఎప్పుడో ఒక కాగితం కావాలంటే వైఫై ఉండనివ్వండి, దాని మీద ఆశ పెట్టుకోకండి.

ఇప్పుడు టోనర్ దగ్గరికి వద్దాం. ప్రింటర్‌తో వచ్చిన కార్ట్రిడ్జ్ నిండుది కాదు. కొత్తగా కొనే కార్ట్రిడ్జ్ 1,500 పేజీలు ఇస్తుందంటే, పెట్టెలో వచ్చింది 700కే. నాకు 640 దగ్గర అక్షరాలు వెలిసిపోవడం మొదలైంది. ఈ పేజీల లెక్క కూడా మన పేజీలతో కట్టింది కాదు. దానికి ఐఎస్‌ఓ (అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ) వాళ్ల ప్రామాణిక పేజీ ఉంది, అందులో నలుపు కాగితంలో సుమారు ఐదు శాతం. లావు శీర్షికలు, నల్లటి పెట్టెలు ఉంటే లెక్క అంతే సంగతులు. నేను వరుసల మధ్య దిద్దడానికి జాగా వదిలి తీస్తాను కాబట్టి ఒక్కోదానికి 1,400 దాకా వస్తున్నాయి. నిన్న కాన్ఫిగరేషన్ పేజీ (ప్రింటర్ తన లెక్కలు తానే ప్రింట్ చేసి ఇచ్చే కాగితం) తీసి చూస్తే మొత్తం 6,412 పేజీలు. ఇప్పుడు నడుస్తున్నది ఆరో కార్ట్రిడ్జ్.

'టోనర్ తక్కువ' అని లైటు వెలిగితే కంగారు పడి కొత్తది వేయకండి. అక్షరాలు నిజంగా వెలిసినప్పుడు కార్ట్రిడ్జ్ తీసి, అడ్డంగా పట్టుకుని అటూ ఇటూ ఐదారుసార్లు మెల్లగా ఊపి పెడితే నాకు ఇంకో 60, 70 పేజీలు వచ్చేవి. తీసినదాన్ని వెలుతురులో వదలకూడదు, అందులో ఉండే ఆకుపచ్చ డ్రమ్ వెలుగుకు పాడవుతుంది. పొడి చేతికంటితే చన్నీళ్లతోనే కడుక్కోవాలి, వేడినీళ్లు పోస్తే కరిగి పట్టుకుంటుంది.

నాలుగోసారి తక్కువలో వస్తుందని కంపెనీది కాని కార్ట్రిడ్జ్ తెచ్చాను. అది పెట్టిన మూడోవారం ఒక నవల ప్రూఫు చదువుతున్నాను. 'విధి' అన్నమాట 'విథి' అని పడింది. దిద్దాను. రెండు పేజీల తర్వాత 'బాధ' 'బాథ' అయింది. దిద్దాను. అలా పదకొండు. డీటీపీ చేసే అబ్బాయికి కాస్త గట్టిగానే రాశాను, ధకీ థకీ తేడా తెలియకపోతే ఎలా అని. అతను ఫోన్ చేశాడు.

"మేడమ్, ఫైలు తెరిచి చూశాను. అన్నిచోట్లా ధ అనే ఉంది."

తెర మీద చూశాను. నిజమే. భూతద్దం పెట్టి కాగితం చూశాను. ధ పొట్టలో చుక్క ఉంది. మరి పక్కపేజీలో ఖాళీ జాగాలో కూడా అలాంటి చుక్కే ఉంది, ఇంకో పేజీలో వరుసల నడుమ ఉంది. స్కేలు తెచ్చి కొలిచాను. ఎడమ అంచు నుంచి ప్రతి పేజీలోనూ అదే దూరం. పైనుంచి కిందికి ఒక చుక్కకీ ఇంకో చుక్కకీ మధ్య 75 మిల్లీమీటర్లు. ఏ పేజీ కొలిచినా 75.

వెతికి చదివితే అర్థమైంది. కార్ట్రిడ్జ్‌లో డ్రమ్ అనే గొట్టం ఉంటుంది. దాని మీద విద్యుత్తు పూత పూసి, లేజర్ వెలుగుతో అక్షరం పడాల్సినచోట ఆ పూతను చెరుపుతారు. చెరిగినచోటే పొడి అంటుకుంటుంది, అక్కడినుంచి కాగితం మీదికి దిగుతుంది. డ్రమ్ చుట్టుకొలత సుమారు 75 మిల్లీమీటర్లు. దాని మీద ఒక్క గీటు పడ్డా, అది తిరిగిన ప్రతి చుట్టుకూ కాగితం మీద ఒక చుక్క. ఏ4 పొడవు 297 కాబట్టి పేజీకి నాలుగు. వేరే రోలర్‌ది తప్పయితే దూరం వేరుగా ఉంటుంది. రిపేరు తెలిసినవాళ్లు స్కేలు పెట్టి ఏ భాగం పాడైందో చెప్పేస్తారట. ఆ కార్ట్రిడ్జ్‌ని 900 పేజీల దగ్గర తీసేశాను, అప్పటికే అంచుల్లో పొడి రాలుతోంది. బయటి కార్ట్రిడ్జ్‌లన్నీ ఇలాగే ఉంటాయని అనను. ఇంట్లో ఉత్తరాలు, ఫారాలు తీసుకునేవాళ్లకు ఒక చుక్క ఏమీ చేయదు. నాకు మాత్రం పనికిరాదు. ఇంకోటి, ప్రింటర్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాక బయటి కార్ట్రిడ్జ్‌లను అది ఒప్పుకోకపోవచ్చు, చిప్ చూసి గుర్తుపడుతుంది. కొనేముందే ఆ మోడల్ సంగతి కనుక్కోవాలి.

ఈ విద్యుత్తు, పొడి కథ వెతుకుతుంటే ఈ పద్ధతి కనిపెట్టిన అమెరికన్ చెస్టర్ కార్ల్‌సన్ కనిపించాడు. పేటెంట్ల విభాగంలో పనిచేస్తూ, కాగితాలకు నకళ్లు తీయలేక విసిగినవాడు. 1938 అక్టోబర్ 22న గంధకం పూసిన జింకు రేకును చేతిరుమాలుతో రుద్ది, వెలుగు చూపించి, పొడి చల్లి, మైనం కాగితం మీద మొదటి నకలు తీశాడు. దాని మీద ఉన్నది '10-22-38 అస్టోరియా'. తేదీ, చోటు, అంతే. ఆ తర్వాత 1971లో జిరాక్స్ పరిశోధనాలయంలో గ్యారీ స్టార్క్‌వెదర్ మామూలు వెలుగు బదులు లేజర్ పెట్టి, నకలు తీసే యంత్రాన్ని ప్రింటర్‌గా మార్చాడు. నకళ్లు రాసి రాసి వేళ్లు నొప్పెట్టిన మనిషి నుంచి మొదలైందంటే నాకు ఎందుకో నచ్చింది.

మిగతావి గబగబా. ఫొటోలకు ఇది పనికిరాదు, మొహాలు బూడిద పూసుకున్నట్టు వస్తాయి. ఇంక్‌జెట్ ఫొటో కాగితం పొరపాటున కూడా పెట్టకండి, దాని పూత ఫ్యూజర్ వేడికి కరిగి అంటుకుంటుంది. అంటించే లేబుళ్లు కూడా లేజర్‌కి అని రాసి ఉన్నవే కొనాలి. కాగితం 75, 80 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు అన్ని గ్రాముల బరువు) అయితే హాయిగా పోతుంది. ముసురు పట్టిన రోజుల్లో విప్పిన కట్ట ట్రేలో వదిలేస్తే చెమ్మ పీల్చుకుని ఇరుక్కుంటుంది, అందుకే మిగిలినవి తీసి కవర్లో చుట్టి పెడతాను. మూడేళ్లలో జామ్ అయింది ఆరేడుసార్లు, అన్నీ అలాంటి రోజుల్లోనే. మా మనవరాలికి రంగులేసుకునే బొమ్మల గీతలు ప్రింట్ తీసిస్తాను. స్కెచ్ పెన్నుతో ఎంత రుద్దినా గీత అలుక్కుపోదు. ఇంట్లో ఈ ప్రింటర్‌ని ఒక్క మాట కూడా అనని మనిషి అదొక్కతే.

ఆ నవల వచ్చింది, పుస్తకంలో అన్నిచోట్లా విధి విధిగానే ఉంది. డీటీపీ అబ్బాయి మాత్రం వదల్లేదు. ఇప్పుడు నేను ఏ తప్పు పంపినా ముందు ఒక మెసేజ్ పెడతాడు: "మేడమ్, ఇది నా తప్పా, మీ డ్రమ్ముదా?" స్కేలు బల్ల మీదే ఉంచుకుంటున్నాను.